ముల్కీ మాట – పెద్దమనుషుల మాట

'ముల్క్' అనే మాట మన ఇండ్లల్లో రోజూ వినవచ్చేదే. హిందూస్తాన్ మొత్తాన్నీ మన ముల్క్ అంటాము. బొంబాయిలోనో దుబాయిలోనో పని చేసుకొనే పిల్లవాడు సెలవు మీద ఇచ్చోడకు వస్తే "ముల్కుకు వచ్చినాడు" అనీ అంటాము. పెద్ద దేశానికీ అదే మాట, తాతముత్తాతల గోరీలున్న చిన్న ఊరికీ అదే మాట. మాట్లాడేటప్పుడు మనకు ఎక్కడా తికమక రాదు. కాని ఈ రెండు అర్థాలూ నౌకరీల దగ్గర, ఖజానా దగ్గర, కాలేజీ సీట్ల దగ్గర ఎదురెదురుగా నిలబడితే ఏమవుతుంది? ఆ ప్రశ్న చుట్టే మన తెలంగాణ నూరేండ్ల చరిత్ర తిరిగింది.

సంఘ సభ్యులలో పెద్దవారికి ఇందులో చాలా సంగతులు కండ్లారా చూసినవే. కాని 2014 తర్వాత బడికి వచ్చిన పిల్లలకు ముల్కీ అంటే ఏమిటో తెలియదు. తెలంగాణ ఎందుకు వచ్చిందని అడిగితే "ఆంధ్రోళ్లు మోసం చేసిండ్రు" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటారు. చరిత్ర చెప్పేవారికి ఆ జవాబు చాలదు. ఎవరు ఎవరికి ఏమి మాట ఇచ్చినారు, ఆ మాట ఏ కాగితం మీద ఉన్నది, అది ఎక్కడ తప్పిపోయింది అనేది తెలిస్తేనే రేపు మన హక్కు మనం సరిగా అడుగగలము, ఎదుటివారి హక్కును గుర్తించగలము. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముల్కీ ఎవరు?

ముల్కీ అంటే ముల్కుకు చెందినవాడు. నిజాం రాజ్యంలో ఈ మాట మొదట వినవచ్చినప్పుడు గైర్ ముల్కీలు కోస్తావారు కారు. మొదటి సాలార్‌జంగ్ 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్నాడు. రాజ్యపు దఫ్తర్లను కొత్త పద్ధతిలో పెట్టాలని ఉత్తర హిందూస్తాన్ నుండి చదువుకున్నవారిని పిలిపించినాడు. తరువాత అలీగఢ్ కాలేజీ బాధ్యతలు మోసిన మొహ్సిన్ ఉల్ ముల్క్, వికార్ ఉల్ ముల్క్ అట్లా వచ్చి హైదరాబాదులో పెద్ద పదవులు చేసినవారే. బిరుదులో ముల్క్ ఉన్నది, మనుషులు మాత్రం గైర్ ముల్కీలు! 1880లలో ఫార్సీ స్థానంలో ఉర్దూ దఫ్తరు భాష అయిన తర్వాత ఉత్తరాది వారికి ఇంకా సులువైంది. "మా నౌకరీలు బయటివారికి పోతున్నాయి" అని దక్కనీలు మొర పెట్టుకొన్నారు. వచ్చినవారిలో ఎక్కువమంది ముస్లిములే, మొర పెట్టుకొన్నవారిలోనూ ముస్లిములున్నారు. కాబట్టి ముల్కీ పంచాయితీ పుట్టుకలోనే మతపు పంచాయితీ కాదు అని పిల్లలు గుర్తుంచుకోవాలి.

1919లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో ముల్కీ నిబంధనలు ఖాయమైనవి. హైదరాబాదు రాజ్యపు ప్రజగా పుట్టినవాడు ముల్కీ. బయటినుండి వచ్చినవాడు 15 ఏండ్లు ఇక్కడ నివసించి, వెనుకటి ఊరికి తిరిగి పోయే ఆలోచన మానుకొన్నానని హలఫ్‌నామా వ్రాసి ఇస్తే అతడూ ముల్కీయే. ఇందులో ఒక మంచి న్యాయం ఉన్నది. బయటివాడికి తలుపు మూయలేదు. "వచ్చినావా, ఉండు, కాని ఈ నేలను నీదిగా ఒప్పుకొని ఉండు" అన్నది. తెలుగువారు, మరాఠీలు, కన్నడిగులు, గోండులు, ముస్లిములు అందరూ ఆ లెక్కలో ముల్కీలే. 1930లలో ఏర్పడిన నిజాం ప్రజల లీగులో హిందువులు, ముస్లిములు కలిసి ముల్కీ హక్కుల కోసం పని చేసినారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసింది. రాజ్యం మారితే దఫ్తరు భాష మారింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషులోకి మారింది. ఉర్దూలో చదువుకొని ఉర్దూలో ఫైళ్లు వ్రాసిన మన పెద్దలు, హిందువులైనా ముస్లిములైనా, ఒక్కసారిగా "అర్హత చాలనివారు" అయినారు. ఇంగ్లీషు వచ్చినవారు కావాలని మద్రాసు వైపు నుండి, ఇతర రాష్ట్రాల నుండి ఉద్యోగులను తెచ్చినారు. ముల్కీ నిబంధనలు పుస్తకంలో ఉన్నాయి. కాని "తగిన స్థానికుడు దొరకలేదు" అని వ్రాస్తే నిబంధనకు మినహాయింపు దొరికేది. ఈ మినహాయింపు అనే మాటను పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలని మనవి. ముందు ముందు ఇది మళ్లీ వస్తుంది.

1952లో బూర్గుల రామకృష్ణారావు గారి ఎన్నికైన ప్రభుత్వం వచ్చిన కొన్ని నెలలకే వరంగల్లులో, హైదరాబాదులో విద్యార్థులు వీధికెక్కినారు. సెప్టెంబరు మొదటి వారంలో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో పిల్లలు చనిపోయినారు. విచారణకు న్యాయమూర్తి పింగళి జగన్మోహన్ రెడ్డి గారి సంఘాన్ని వేసినారు. ఆంధ్రప్రదేశ్ ఇంకా పుట్టనే లేదు, అప్పటికే నౌకరీల కోసం రక్తం చిందింది.

ఫజల్ అలీ గారి సలహా

పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణ తర్వాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దేశమంతటా రాష్ట్రాలను భాషను బట్టి సర్దడానికి వేసిన కమిషనుకు అధ్యక్షుడు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి సయ్యద్ ఫజల్ అలీ. హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులు. వారి నివేదిక 1955 సెప్టెంబరులో అందింది.

విశాలాంధ్ర వల్ల కలిగే లాభాలను ఆ నివేదిక ఒప్పుకొన్నది. ఒకే భాష, ఒకే గోదావరి, కృష్ణా నీళ్లు అన్నది. అయినా చదువులో, పాలనలో వెనుకబడిన తెలంగాణవారు ముందున్న కోస్తావారి కింద నలిగిపోతామని భయపడుతున్నారు, ఆ భయానికి ఆధారం ఉన్నది అనీ చెప్పింది. అందుచేత తెలంగాణను కొంతకాలం హైదరాబాదు రాష్ట్రంగా వేరుగానే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకొంటే అప్పుడు కలపండి అని సలహా ఇచ్చింది. ఇష్టపడి కలిస్తే కలయిక నిలుస్తుందని దాని భావం.

ఆ సలహా అమలు కాలేదు. భాష ఒక్కటైతే మనసులు ఒక్కటవుతాయని, ఆలస్యం చేస్తే కలయికే జరగదని ఢిల్లీలోను, ఇక్కడా పెద్దలు తొందరపడినారు. ఆంధ్ర శాసనసభ 1955 నవంబరులోనే తెలంగాణ ప్రయోజనాలు కాపాడుతామని తీర్మానం చేసింది. ఆ హామీని ఒప్పందంగా వ్రాయడానికి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో నలుగురు ఇటువారు, నలుగురు అటువారు కూర్చున్నారు. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణ రాజు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఈ చివరి పేరు మన జిల్లాకు దగ్గరిది. నర్సింగరావు గారు తర్వాత లక్సెట్టిపేట నుండి శాసనసభకు ఎన్నికై ఉప ముఖ్యమంత్రిగా కూడా చేసినారు.

ఒప్పందంలో ఏమున్నది?

దీనినే పెద్దమనుషుల ఒప్పందం అంటారు. ముఖ్య షరతులు ఇవి. తెలంగాణలో వచ్చిన ఆదాయం ఖర్చులు పోగా మిగిలితే ఆ మిగులు తెలంగాణ అభివృద్ధికే వాడాలి. ఇక్కడి కాలేజీ సీట్లు ఇక్కడి పిల్లలకే. చిన్న ఉద్యోగాలకు 12 ఏండ్ల నివాసం లాంటి షరతు ఉండాలి. వ్యవసాయ భూముల అమ్మకాలపై అదుపు ఉండాలి. ఇవన్నీ చూడడానికి తెలంగాణకు ఒక ప్రాంతీయ మండలి ఉండాలి. మంత్రులు అరవై, నలభై పాళ్లలో ఉండాలి. ముఖ్యమంత్రి ఒకవైపు వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో వైపు వాడు కావాలి.

మన సంఘం వారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన షరతులు రెండున్నాయి. ఒకటి, పాలనలో, కోర్టుల్లో ఉర్దూకు ఉన్న స్థానం కనీసం అయిదేండ్లు నిలిపే ఏర్పాటు జరగాలి. రెండవది, తెలంగాణ మంత్రులలో ఒకరు తెలంగాణ ముస్లిము కావాలి. అంటే తెలంగాణ హక్కుల పత్రంలోనే ఉర్దూ, ముస్లిముల మాట వ్రాసి ఉన్నది. ఈ ప్రాంతపు బాగోగులలో మనం పక్కన నిలబడి చూసే చుట్టాలము కాదు, ఆ దస్తావేజులో పేరున్న హక్కుదారులము.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే రోజు మన వైపు మరొక విభజన కూడా జరిగింది. మరాఠీ మాట్లాడేవారు ఎక్కువని ఆదిలాబాద్ జిల్లా నుండి రాజురా, కిన్వట్ తాలూకాలను, మన బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలును బొంబాయి రాష్ట్రంలో కలిపినారు. నాందేడ్ జిల్లా నుండి ముథోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు ఇటు వచ్చినవి. నిన్నటి వరకు ఒకే జిల్లావారైన మేనమామలు, మేనల్లుళ్లు రెండు రాష్ట్రాలవారైనారు. పిల్లను ఇచ్చుకోవడం, పత్తి అమ్ముకోవడం మాత్రం ఆగలేదు. గీత గీసినంత మాత్రాన బంధుత్వం తెగదు, గీత తుడిచినంత మాత్రాన సమానత్వం రాదు అని మన సరిహద్దు ఊర్లను చూస్తే తెలుస్తుంది.

కాగితం ఎట్లా కరిగింది?

ఒప్పందాన్ని ఎవరూ బహిరంగంగా చించివేయలేదు. కొద్ది కొద్దిగా కరిగిపోయింది. మొదటి మంత్రివర్గానికి నాయకుడు ఒప్పందం మీద సంతకం చేసిన సంజీవరెడ్డి గారే, కాని ఉప ముఖ్యమంత్రి పదవి నింపలేదు. ప్రాంతీయ మండలి కాస్తా 1958 నాటికి శాసనసభ్యుల ప్రాంతీయ సంఘం అయింది. అది సలహా చెప్పవచ్చును, ప్రభుత్వం ఒప్పుకోకపోతే గవర్నరు మాటే ఖాయం. దాని చేతిలో ఖజానా తాళం లేదు, ఉద్యోగులను నిలిపే అధికారం లేదు.

నౌకరీల విషయంలో పార్లమెంటు 1957లో చట్టం చేసింది. దాని కింద 1959లో వచ్చిన నియమాల ప్రకారం తెలంగాణలో చిన్న ఉద్యోగాలకు 15 ఏండ్ల నివాసం కావాలి. ఇక్కడ ఆ పాత మినహాయింపు తిరిగి వచ్చింది. తగిన స్థానికుడు లేడని వ్రాసి బయటివారిని తీసుకొనుట, తాత్కాలికమని తెచ్చినవారిని ఏండ్ల తరబడి ఉంచుట, దొంగ ముల్కీ సర్టిఫికేట్లు పుట్టించుట అనేవి అప్పటి ఉద్యోగుల ప్రధాన ఫిర్యాదులు. సర్టిఫికేటు దొంగది అయితే పట్టుకొనేది ఎవరు? దఫ్తరే. దఫ్తరులో ఉన్నది ఎవరు? ఆ సర్టిఫికేటుతో వచ్చినవారి తోటివారే.

మిగులు నిధుల సంగతీ అంతే. ఉమ్మడి సంసారంలో ఒక అన్న సంపాదన ఎంత, ఖర్చు ఎంత అని పద్దు విడిగా వ్రాయకపోతే పదేండ్ల తర్వాత తేల్చడం ఎవరి తరమూ కాదు. 1969లో కుమార్ లలిత్ లెక్క చూసి తెలంగాణకు ఖర్చు కావలసిన మిగులు సుమారు 34 కోట్లని చెప్పినారు. తర్వాత న్యాయమూర్తి భార్గవ సంఘం సుమారు 28 కోట్లని తేల్చింది. అంకె ఏదైనా, వెనుకబడిన ప్రాంతపు సొమ్ము కోట్లలో అక్కడ ఖర్చు కాలేదు అనే మాటను ప్రభుత్వం వేసిన లెక్కగాళ్లే ఒప్పుకొన్నారు.

1969 నుండి 1973 దాకా

1969 జనవరిలో కొత్తగూడెం, ఖమ్మం వైపు మొదలైన ఆందోళన తెలంగాణ అంతటా పాకింది. జనవరి 19న అన్ని పార్టీల నాయకులు కూర్చొని ఒప్పందానికి వచ్చినారు. వెంటనే స్థానికేతరులను వెనుకకు పంపాలని 36 నంబరు జీవో వచ్చింది. అది కోర్టుకు పోయింది. మార్చి 28న సుప్రీంకోర్టు 1957 చట్టంలోని తెలంగాణ నివాస షరతును కొట్టివేసింది.

కోర్టు చెప్పిన కారణాన్ని మన పిల్లలు శాంతంగా అర్థం చేసుకోవాలి. రాజ్యాంగం 16వ అధికరణం ప్రకారం దేశ పౌరునికి ఎక్కడి ప్రభుత్వోద్యోగమైనా అడిగే హక్కున్నది. ఫలానా రాష్ట్రంలో నివాసం ఉండాలని షరతు పెట్టే అధికారం పార్లమెంటుకు ఉన్నది గాని, అది మొత్తం రాష్ట్రానికి వర్తించాలి, రాష్ట్రంలో ఒక ముక్కకు పెట్టరాదు అన్నది. అంటే దేశమంతా ఒక్కటే అనే పెద్ద ముల్క్ న్యాయం, వెనుకబడిన ప్రాంతాన్ని కాపాడాలి అనే చిన్న ముల్క్ న్యాయం కోర్టులో ఎదురుపడినాయి. రెండూ న్యాయాలే. వాటిని పొందించవలసిన బాధ్యత కోర్టుది కాదు, రాజకీయ పెద్దలది.

ఆ ఏడాది ఎందరో విద్యార్థులు కాల్పుల్లో చనిపోయినారు. ఉద్యమకారులు 369 మంది అంటారు. బడులు, కాలేజీలు నెలల తరబడి మూతపడినవి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 స్థానాల్లో 10 గెలిచింది. కొన్ని నెలలకే ఆ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది, పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయినారు.

1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది. నిజాం నాటి ముల్కీ నిబంధనలు ఇంకా చెల్లుతాయి అన్నది. ఈసారి కోస్తా, రాయలసీమ యువకులు జై ఆంధ్ర అని వీధికెక్కినారు. "మా రాజధానిలో మేము పరాయివారమా?" అన్నది వారి బాధ. అక్కడా కాల్పులు జరిగినవి, అక్కడి తల్లులూ ఏడ్చినారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది.

చివరకు 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం ప్రకటించినారు. రాజ్యాంగాన్ని సవరించి 371-డి అధికరణం చేర్చినారు. ముల్కీ నిబంధనలు, ప్రాంతీయ సంఘం రెండూ రద్దయినవి. 1975 అక్టోబరు 18 రాష్ట్రపతి ఉత్తర్వుతో రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేసినారు. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాలు అయిదవ జోను. జిల్లా స్థాయి గుమాస్తా ఉద్యోగాల్లో నూటికి 80 స్థానికులకు అన్నారు.

ఇది కూడా కాగితం మీద మంచిదే. పదేండ్ల తర్వాత అధికారుల సంఘం ఒకటి లెక్క చూసి, అయిదు, ఆరు జోన్లలో 58,962 మంది స్థానికేతరులున్నారని చెప్పింది. 1985 డిసెంబరు 30న ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 610 నంబరు జీవో ఇచ్చి, 1986 మార్చి 31 లోపల సరిదిద్దాలి అన్నది. మూడు నెలల పని. 2001లో ఆ జీవో అమలు ఎందుకు కాలేదో చూడడానికి గిర్‌గ్లానీ కమిషను వేయవలసి వచ్చిందంటే ఆ మూడు నెలలు ఎన్ని ఏండ్లయినాయో లెక్క వేసుకోండి.

2010లో శ్రీకృష్ణ కమిటీ వచ్చింది. రాష్ట్రాన్ని కలిపే ఉంచి, తెలంగాణకు చట్టబద్ధమైన, అధికారాలున్న ప్రాంతీయ మండలి ఇవ్వడం అన్నిటికన్నా మేలు అన్నది. విభజనను రెండో మార్గంగా చెప్పింది. 1956లో వ్రాసుకొన్న మందునే 54 ఏండ్ల తర్వాత మళ్లీ చీటీ మీద వ్రాసి ఇచ్చినట్టయింది. మందు మంచిదే కావచ్చు, కాని ఇచ్చే చేతి మీద రోగికి నమ్మకం పోయింది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభ విభజన బిల్లును ఆమోదించింది. పెద్దమనుషుల ఒప్పందానికి సరిగ్గా 58 ఏండ్లు నిండిన రోజు అది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించింది.

బయటి దేశాల్లో

ఇటువంటి కథ మనది ఒక్కటే కాదు. 1947లో తూర్పు బెంగాల్, పశ్చిమ పాకిస్తాన్ మతం పేరున ఒక్కటైనాయి. 1948లో ఉర్దూ ఒక్కటే రాజభాష అని ప్రకటించినారు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ భాష కోసం విద్యార్థులు ప్రాణాలిచ్చినారు. జనం ఎక్కువ తూర్పున, జనపనార అమ్మి విదేశీ సొమ్ము తెచ్చింది తూర్పు, ఫౌజు, దఫ్తర్లు మాత్రం పశ్చిమాన. 1966లో షేక్ ముజీబుర్ రహ్మాన్ కూడా ఆరు సూత్రాలే పెట్టినాడు. వినలేదు. 1971లో లక్షల ప్రాణాలు పోయి బంగ్లాదేశ్ వచ్చింది. నేను ఉర్దూ బడిలో పాఠం చెప్పేవాడిని, ఉర్దూ నాకు అమ్మ భాష. అయినా ఈ మాట చెప్పక తప్పదు. ఏ భాషనైనా ప్రేమతో నేర్పితే అది నిలుస్తుంది, నెత్తిన రుద్దితే ఆ భాషకే చెడ్డపేరు వస్తుంది. తూర్పు బెంగాల్‌ను ఒకే మతం కలిపి ఉంచలేకపోయింది. తెలంగాణను, ఆంధ్రను ఒకే భాష కలిపి ఉంచలేకపోయింది.

మరొక విధంగా కూడా జరుగవచ్చును. స్కాట్లండ్ 1707లో ఇంగ్లండుతో కలిసినప్పుడు తన కోర్టులు, తన చర్చి తనకే ఉండాలని వ్రాయించుకొన్నది. అవి మూడు వందల ఏండ్లు నిలిచినవి. 2014 సెప్టెంబరులో విడిపోదామా అని ఓటు పెడితే నూటికి 55 మంది కలిసే ఉందామన్నారు. అక్కడా గొడవ తీరిపోలేదు, కాని తుపాకీ లేకుండా అడిగినారు, జవాబు చెప్పినారు. మనకు ఇందులో గర్వించదగినది ఒకటున్నది. తెలంగాణ కోరినవారు భారత యూనియన్‌లోనే మరొక రాష్ట్రం కోరినారు, రాజ్యాంగం మూడవ అధికరణం చూపిన దారిలోనే పోయినారు. చిన్న ముల్కును అడిగినవాడు పెద్ద ముల్కుకు ద్రోహి కాడు అని రుజువైంది.

మరి మన జిల్లా?

తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలయింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జోన్లు మారినవి, నేరుగా భర్తీ చేసే ఉద్యోగాల్లో నూటికి 95 స్థానికులకు అన్నారు. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల కలిసి బాసర జోను. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. ఇవన్నీ సంతోషించవలసినవే. కాని హైదరాబాదు మన పక్కన కూర్చొని కోస్తాను అడిగిన ప్రశ్ననే ఇప్పుడు మనం హైదరాబాదును అడుగవలసి ఉన్నది.

ఇచ్చోడ గుండా నాగపూరు రోడ్డు పోతుంది, రైలు మాత్రం లేదు. ఆదిలాబాదులో రైలెక్కి హైదరాబాదుకు పోవాలంటే మహారాష్ట్ర చుట్టి రావాలి. శ్రీరాంసాగర్ కట్ట నిర్మల్ దగ్గరే ఉన్నది. పెద్దదైన కాకతీయ కాలువ కరీంనగర్ వైపు పారుతుంది, మన వైపు చిన్న సరస్వతి కాలువ. నేల వాలు కొంత కారణమే కావచ్చు, కాని మెట్ట ప్రాంతానికి ఇంకేదో దారి చూడవలసిన బాధ్యత కూడా ఉంటుంది. ఆదిలాబాదు సిమెంటు కార్ఖానా మూతపడి ఏండ్లయింది. ఉర్దూ బడుల్లో టీచరు పోస్టులు రిజర్వేషను వర్గంలో అభ్యర్థి దొరకలేదని ఖాళీగా మిగులుతున్నాయి. ఆ పాత మాటే: తగినవాడు దొరకలేదు.

ఇక్కడ మన మనసును మనం అడుగవలసిన మాట ఒకటున్నది. ఈ జిల్లాలో మొదటి ముల్కీ ఎవరు? గోండు. తన అడవిలో, తన భూమి మీద హక్కు కోసం కుమురం భీము 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చినాడు. ఆ తరువాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ దొర సలహాతో గోండులకు పట్టాలు ఇచ్చింది, మార్లవాయిలో గోండీ బడి పెట్టింది. రోడ్లు పడినాక నలుదిక్కుల నుండి జనం వచ్చినారు, భూములు చేతులు మారినవి. ఆదివాసీ భూమి ఇతరులకు పోరాదని 1959లో, 1970లో నిబంధనలు చేసినారు. వాటి గతీ ముల్కీ నిబంధనల గతే అయింది. 1981 ఏప్రిల్ 20న మనకు కూతవేటు దూరంలోని ఇంద్రవెల్లిలో భూమి అడిగిన గోండుల మీద కాల్పులు జరిగినవి. సర్కారు లెక్క 13 మంది, చూసినవారు అంతకు చాలా ఎక్కువ అంటారు. హైదరాబాదులో మన నౌకరి పోయిందని బాధపడిన మనిషి, పక్క గూడెంలో గోండు భూమి పోతే చూడనట్టు ఉంటే అతని ముల్కీ వాదానికి విలువ లేదు. వచ్చి స్థిరపడినవారిలో అన్ని కులాల, అన్ని మతాలవారూ ఉన్నారు, మనవారూ ఉన్నారు. ఎవరిని వెళ్లగొట్టమని నేను అనడం లేదు. 1919 నిబంధన చెప్పిన మర్యాదనే గుర్తు చేస్తున్నాను: ఈ నేలను నీదిగా ఒప్పుకొంటే, నీకన్నా ముందునుండి ఇక్కడ ఉన్నవాడి హక్కునూ ఒప్పుకొని ఉండాలి.

చివరి మనవి

ఈ చరిత్ర అంతా చదివితే నాకు ఒకటే తోస్తుంది. ఒప్పందాలకు కొదువ లేదు. 1919, 1956, 1957, 1969, 1973, 1985 – ప్రతిసారీ మంచి మాటలే వ్రాసుకొన్నారు. కొదువ కావలివానిది. చేనుకు కంచె వేసి కావలి పెట్టకపోతే పంట ఎవరిదో చెప్పనక్కరలేదు. లెక్క అడిగే అధికారం ఉన్నవాడు, తప్పు చేస్తే ఆపే అధికారం ఉన్నవాడు లేని ఒప్పందం అడ్డాకుల మీద వ్రాసినట్టే.

కాబట్టి యువకులకు నా సలహా. మినహాయింపు అనే మాట ఎక్కడ కనిపించినా ఆగి రెండుసార్లు చదవండి. మండల ఆఫీసులో, బడిలో మంజూరైన పోస్టులెన్ని, నింపినవెన్ని అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 2005 నుండి ఆ చట్టం మన చేతిలో ఉన్నది. మన తాతలకు ఆ ఆయుధం లేదు. ఇప్పుడు స్థానికత తేల్చడానికి ఒకటి నుండి ఏడవ తరగతి వరకు ఎక్కడ చదివినారో సర్టిఫికేట్లు అడుగుతున్నారు. తల్లులారా, పిల్లల బోనఫైడ్ సర్టిఫికేట్లు ఏ ఏడాదివి ఆ ఏడాదే తీసి పెట్టెలో భద్రం చేయండి. మాట తప్పిన చోట గొంతెత్తండి, కాని మనిషిని, కులాన్ని, ప్రాంతాన్ని తిట్టకండి. కోస్తా నుండి వచ్చి మన బడులలో పాఠం చెప్పి, ఈ నేలలోనే కలిసిపోయిన మంచి టీచర్లు కూడా ఉన్నారు.

ముల్క్ అనే మాటకు రెండు అర్థాలున్నవి. ఇచ్చోడ మన ముల్కే, హిందూస్తాన్ మన ముల్కే. చిన్న ముల్కుకు న్యాయం జరిగినంత కాలం పెద్ద ముల్క్ గట్టిగా ఉంటుంది. ఆ న్యాయం జరుగుతున్నదా లేదా అని ప్రతి ఏటా లెక్క చూసుకొనే అలవాటు మన సంఘంలో, మన ఇండ్లల్లో ఉండాలని పాఠకులకు సవినయంగా మనవి చేస్తున్నాను.